ఓటరూ సాక్షీ ఒక్కరే: ఉత్తరాంధ్ర పల్లెల్లో కులం, ఎన్నిక, న్యాయస్థానం

2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులు హత్యకు గురయ్యారు. మరెందరో గాయపడ్డారు. సువర్ణముఖి నది మీద కట్టిన మడ్డువలస జలాశయం కోసం ప్రభుత్వం సేకరించిన భూమిలో కొంత మునగకుండా మిగిలిపోయింది. ఆ భూమిని ఎవరు సాగు చేసుకోవాలన్న విషయంలో ఊళ్లోని మాల కుటుంబాలకూ తూర్పు కాపు రైతులకూ మధ్య నడిచిన తగాదా చివరికి హత్యాకాండకు దారితీసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు వంగర మండలం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఉత్తరాంధ్రలో కులం ప్రజాస్వామ్యాన్నీ న్యాయాన్నీ ఏ తీరున వంచుతుందో తెలుసుకోవాలంటే మాత్రం ఇప్పటికీ లక్ష్మీపేట దగ్గరే ఆగాలి. ఎందుకంటే రాజ్యాంగం ఇచ్చిన రక్షణలన్నీ కాగితం మీద అక్కడ ఉన్నాయి. వంగర మండలం ఎస్సీలకు రిజర్వు చేసిన రాజాం శాసనసభ నియోజకవర్గంలో ఉంది. తగాదా పడ్డ భూమి ఏ భూస్వామి సొత్తో కాదు, అప్పటికే ప్రభుత్వానికి చేరిన భూమి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అమలులోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇన్ని ఉండి కూడా అయిదు ప్రాణాలు పోయాయంటే, లోపాన్ని చట్టం పాఠంలో కాక, చట్టానికీ మనిషికీ మధ్య ఉన్న చోట వెతకాలి.

ఆ చోటును చూడడానికి ఒక మార్గం ఉంది. ఎన్నిక అనే ఏర్పాటు ఓటరు మీద ఆధారపడుతుంది, న్యాయ విచారణ అనే ఏర్పాటు సాక్షి మీద ఆధారపడుతుంది. తాను ఎవరికి ఓటు వేశానో పొరుగువాడికి చెప్పనవసరం లేని మనిషిని ఎన్నికల చట్టం ఊహించుకుంది. తాను చూసింది చూసినట్టు చెప్పి, మర్నాడు అదే ఊళ్లో పనికి వెళ్లగలిగే మనిషిని సాక్ష్య చట్టం ఊహించుకుంది. పల్లెలో ఈ ఇద్దరూ ఒకే మనిషి. కూలి కోసం, కౌలు కోసం, అప్పు కోసం, చెరువు నీటి కోసం, శ్మశానానికి దారి కోసం కూడా పై కులం పెద్దల మీద ఆధారపడిన మనిషి ఓటరుగా ఎంత స్వతంత్రుడో సాక్షిగా కూడా అంతే స్వతంత్రుడు. కులం ప్రభావాన్ని ఎన్నికల పుటలో ఒకసారి, నేర వార్తల పుటలో మరోసారి విడివిడిగా చదవడం వల్ల ఈ సంబంధం కంటికి ఆనదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుల చిత్రం కోస్తాలోని మిగతా జిల్లాల చిత్రానికి భిన్నమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం ప్రస్తుత ఆంధ్రప్రదేశ్ జనాభాలో ఎస్సీలు 17 శాతం కాగా, ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో వారు దాదాపు పదో వంతు మాత్రమే. ఇక్కడ ఊరిపై పట్టు ఉన్న కులాలు తూర్పు కాపు, కొప్పుల వెలమ, కళింగ వంటివి. ఇవన్నీ వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్న సాగుదారీ కులాలే. అందువల్ల అగ్రవర్ణాలు ఒకవైపు, బడుగులంతా ఒకవైపు అన్న లెక్క ఇక్కడ సరిపోదు. రాష్ట్ర స్థాయిలో తమ వాటా కోసం న్యాయంగానే పోరాడుతున్న కులం, తన ఊళ్లో మాలపేట మీద పెత్తనం చేసే కులం ఒకటే కావచ్చు. రెండు మాటలూ నిజమే, ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం కాదు. బీసీ నాయకత్వం గురించి మాట్లాడేవారు రెండోదాన్నీ, దళితుల మీద దాడుల గురించి మాట్లాడేవారు మొదటిదాన్నీ దాటవేస్తూ రావడం వల్ల ఉత్తరాంధ్ర మీద చర్చ ఎప్పుడూ సగంలోనే ఆగిపోతోంది.

ఈ పరిస్థితికి చరిత్ర ఉంది. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి తర్వాత విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల కింద సాగుదారులు శిస్తుల భారంతో, వెట్టితో నలిగారు. గౌతు లచ్చన్న వంటి నాయకులు ఈ నేల మీద జమీందారీ వ్యతిరేక ఉద్యమాన్ని, వెనుకబడిన కులాల చైతన్యాన్ని జోడించి నడిపారు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో రైతులకు పట్టాలు దక్కాయి. కోటల నుంచి రైతు లోగిళ్లకు అధికారం దిగిరావడం ప్రజాస్వామ్యం సాధించిన అసలైన విజయం, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయితే ఆ చట్టం పట్టా ఇచ్చింది రైతుకు. అదే పొలంలో కంబారిగా, పాలేరుగా, కూలీగా పని చేసిన మాల, రెల్లి, పైడి కుటుంబాలకు దాని వల్ల ఒక సెంటు కూడా రాలేదు. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. ఆ పదవుల చుట్టూ అల్లుకున్న పెద్దరికం మాత్రం పోలేదు. భూమి ఉన్నచోటే నిలిచింది.

ఎస్సీ నియోజకవర్గాల పనితీరును ఈ నేపథ్యంలో చూడాలి. 1932 నాటి పూనా ఒడంబడిక ప్రత్యేక ఓటర్ల జాబితా బదులు ఉమ్మడి ఓటర్లతో రిజర్వుడు స్థానాలను తెచ్చింది. దాని ఫలితం రాజాంలోనూ పార్వతీపురంలోనూ ఇవాళ్టికీ కనిపిస్తుంది. ఈ స్థానాల్లో పోటీ చేసేవారంతా ఎస్సీలే, ఓటర్లలో అత్యధికులు మాత్రం ఎస్సీలు కారు. ప్రధాన పార్టీల అభ్యర్థులందరూ ఎస్సీలే అయినప్పుడు దళిత ఓటు వారి మధ్య చీలుతుంది, గెలుపును నిర్ణయించేది సంఖ్యాబలమున్న సాగుదారీ కులాల ఓటు. వైద్యశాల, రోడ్డు, వసతిగృహం వంటి అందరికీ పనికొచ్చే విషయాల్లో ఇది పెద్ద అడ్డంకి కాదు. రిజర్వేషనే లేకపోతే ఈ ప్రాంతం నుంచి దళితులు శాసనసభకు వెళ్లడం అసాధ్యమయ్యేది గనుక ఆ ఏర్పాటు విలువ తగ్గదు. ఊళ్లో రెండు కులాలు భూమి కోసం ఎదురెదురుగా నిలబడ్డ రోజున మాత్రం, తన కులం వారి పక్షాన గట్టిగా నిలబడితే వచ్చే ఎన్నికల్లో టికెట్టే దక్కదన్న భయం ఆ ప్రతినిధి నోరు నొక్కేస్తుంది. అది ఒక వ్యక్తి పిరికితనం కాదు, ఏర్పాటులోనే ఉన్న బలహీనత.

కులం పేరు చెప్పి ఓటడగడం చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ దాన్ని అవినీతికర చర్యగా పేర్కొంది. అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులం పేరిట అడిగినా తప్పేనని 2017 జనవరి 2న అభిరాం సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నలుగురి మెజారిటీతో తేల్చింది. కాని కులం ఎన్నికల్లో పనిచేసేది మైకు ముందు కాదు. టికెట్ల కేటాయింపులో, మండల పదవుల పంపకంలో, ఏ కులానికి ఏ కార్పొరేషన్ అన్న లెక్కల్లో, కల్యాణ మండపాల్లో జరిగే కుల సమావేశాల్లో అది పనిచేస్తుంది. ఆ లెక్కల్లో సంఖ్య ఉన్న కులానికి విలువ ఉంటుంది. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం పొడవునా ఉన్న మత్స్యకార కులాలు, ఊరికి నాలుగైదు ఇళ్లున్న సేవా కులాలు, పట్టణాల చెత్త ఎత్తే రెల్లి కులస్తులు అభ్యర్థుల జాబితాలో అరుదుగా కనిపించడానికి కారణం ఇదే.

ఓటు రహస్యం విషయానికి వస్తే, దీన్ని ఎంత వివరంగా చెప్పినా ఎక్కువ కాదు. బ్యాలెట్ పత్రాల కాలంలో లెక్కింపునకు ముందు వేర్వేరు పోలింగ్ కేంద్రాల పత్రాలను కలిపేసే వీలు ఉండేది. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలు వచ్చాక ప్రతి బూత్ ఫలితం విడిగా తెలుస్తుంది, ఫారం 20 పేరుతో బహిరంగంగా అందుబాటులో ఉంటుంది. వెయ్యి, పన్నెండు వందల ఓట్లున్న బూత్‌లో ఊరు, పేట విడివిడిగా ఉన్నప్పుడు, ఊరి వారి మొగ్గు ముందే తెలిసినప్పుడు, పేట ఓట్లు ఎటు పడ్డాయో లెక్కగట్టడానికి స్థానిక నాయకుడికి కష్టమేమీ ఉండదు. పేటకు విడిగా బూత్ ఉంటే ఆ మాత్రం కష్టం కూడా అక్కరలేదు. వ్యక్తి ఓటు రహస్యంగానే ఉంటుంది గాని పేట ఓటు రహస్యం కాదు. తర్వాత ఇళ్ల స్థలాల జాబితాలోనో, ఉపాధి హామీ పనుల కేటాయింపులోనో, వీధి కుళాయి విషయంలోనో దాని ఫలితాన్ని అనుభవించేది పేట మొత్తం. అనేక యంత్రాల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్‌ను వాడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని బలపరిచింది. కేంద్ర ప్రభుత్వం అంగీకరించలేదు. బూత్‌లవారీ ఫలితం తెలిస్తేనే పార్టీలు తమ పనిని సరిదిద్దుకోగలవన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. దాని ఖరీదు కట్టేది మాత్రం ఊళ్లో అందరికంటే బలహీనమైన వీధి.

పంచాయతీ ఎన్నికల్లో ఒత్తిడి ఇంకా దగ్గరగా ఉంటుంది. పార్టీ గుర్తులు లేకుండా జరిగే ఈ ఎన్నికల్లో ఏకగ్రీవమైన పంచాయతీకి ప్రభుత్వమే పారితోషికం ఇస్తుంది. 2021 ఎన్నికల నాటి ఉత్తర్వు ప్రకారం 2,000 లోపు జనాభా ఉంటే 5 లక్షల రూపాయలు, 10,000 దాటితే 20 లక్షలు. పగలూ ఖర్చులూ లేకుండా ఊరంతా ఒక మాట మీదికి రావడం మంచిదేనన్నది దాని వెనుక ఉన్న ఉద్దేశం. కాని ఊరు ఒక మాట మీదికి వచ్చేది ఎక్కడ, ఎవరి సమక్షంలో అన్నది అడగాలి. గుడి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు తమ కులాల వారీగా ముందే మాట్లాడుకుని, రిజర్వుడు స్థానమైతే తమ మాట వినే ఎస్సీ కుటుంబం నుంచి ఒకరిని ఎంపిక చేసి, రెండో నామినేషన్ వేయాలనుకున్న యువకుడికి ‘ఊరికి వచ్చే డబ్బు పోగొడతావా’ అని నచ్చజెప్పడం ఏకగ్రీవం కాదు. పోటీ చేసే హక్కును సామూహికంగా వదులుకోమనడం. అలా కుర్చీ ఎక్కిన సర్పంచ్ పంచాయతీ పద్దు మీద సంతకం పెట్టే మనిషిగా మిగులుతారు, నిర్ణయం అరుగు మీదే ఉంటుంది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ దళితులకు, మహిళలకు ఇచ్చిన కుర్చీని ఇలాంటి చోట్ల ఊరు తిరిగి తీసేసుకుంది. ఏకగ్రీవ పారితోషికాన్ని ఎత్తివేయాలనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇదే అరుగు న్యాయం కూడా చెబుతుంది. తిట్టినా, కొట్టినా, గట్టు జరిపినా మొదట వ్యవహారం చేరేది పోలీస్ స్టేషన్‌కు కాదు, పెద్దమనుషుల ముందుకు. తప్పు కట్టించి, కాళ్లు పట్టించి, రాజీ చేసి పంపే ఈ పద్ధతి చవక, వేగవంతం. అన్నదమ్ముల తగాదాల్లో మేలు కూడా చేస్తుంది. కులాల మధ్య తగాదాలో మాత్రం తీర్పరులూ ప్రతివాదులూ ఒకే వీధి వారు. అక్కడ న్యాయం దొరకలేదని స్టేషన్ మెట్లెక్కిన వ్యక్తి నేరం మీదనే కాక ఊరి కట్టుబాటు మీద కూడా ఫిర్యాదు చేసినవాడవుతాడు. చట్టం చెప్పే మాట స్పష్టం: అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ నమోదుకు ప్రాథమిక విచారణ అక్కరలేదు. 2018 మార్చి 20 నాటి సుభాష్ కాశీనాథ్ మహాజన్ తీర్పు పెట్టిన షరతులను తొలగించడానికి పార్లమెంటు అదే ఏడాది 18ఏ సెక్షన్‌ను చేర్చింది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారి మీద 4వ సెక్షన్ కింద చర్య తీసుకోవచ్చు. ఆచరణలో జరిగేది మరొకటి. ఫిర్యాదుతో పాటు ఎదుటి పక్షం నుంచి కౌంటర్ కేసు నమోదవుతుంది. ఇరువైపులా పేర్లు పడ్డాక రాజీకి దారి సుగమమవుతుంది. ఈ చట్టం కింది నేరాలు రాజీ చేసుకోదగినవి కావు గనుక, కుదిరిన రాజీ కోర్టులో సాక్షుల నోట మరో రూపంలో బయటపడుతుంది: ‘నేను చూడలేదు’, ‘చీకట్లో గుర్తుపట్టలేదు’.

సాక్షులు వెనక్కి తగ్గితే కేసు అబద్ధమని తేల్చేవారు చాలామంది ఉన్నారు. ఈ తీర్మానం తప్పు, దీన్ని సూటిగా ఖండించాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో ఎస్సీలపై జరిగిన నేరాల కింద 57,582 కేసులు నమోదయ్యాయి. విచారణ ముగిసిన కేసుల్లో శిక్ష పడింది దాదాపు మూడో వంతులోనే. మిగతావన్నీ కల్పితాలని ఆ అంకె చెప్పదు. నేరం సందేహానికి తావులేకుండా రుజువు కాలేదన్నదే నిర్దోషిత్వానికి అర్థం. రుజువు ఎందుకు కాలేదన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు జిల్లాల జీవితంలోనే దొరుకుతుంది. అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ తర్వాతి 14వ సెక్షన్ చెబుతోంది. అది ఏళ్లు పడుతుంది. ఈలోగా సాక్షి వలస వెళ్లిపోతాడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి విశాఖపట్నానికి, హైదరాబాద్‌కు, చెన్నైకి భవన నిర్మాణ పనుల కోసం కుటుంబాలకు కుటుంబాలు తరలిపోవడం తరతరాలుగా ఉన్నదే. సమను ఊరికి వస్తుంది, మనిషి ఊళ్లో ఉండడు. కబురు తెలిసి వచ్చినా నాలుగు రోజుల కూలి, దారి ఖర్చులు పోగొట్టుకుని వచ్చాక న్యాయవాది వాయిదా కోరితే వెనక్కి వెళ్లాలి. ఏళ్ల కిందట ఎవరి చేతిలో ఏ కర్ర ఉందో అడ్డుపరీక్షలో తడబడకుండా చెప్పాలి. 2011 లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం జిల్లాది 61.74 శాతం. చదువురాని కూలీ తన వాంగ్మూలంలో పోలీసు ఏం రాశాడో తెలియకుండానే, దానికీ కోర్టులో తాను చెప్పినదానికీ ఉన్న తేడాలకు జవాబుదారీ కావలసి వస్తుంది.

కాలం ఏం చేయగలదో చుండూరు చూపింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితుల పోరాటం ఫలితంగా ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు ఏర్పడింది. సాక్షి దగ్గరికి న్యాయస్థానమే రావడం ఎంత ముఖ్యమో తెలియజెప్పిన ప్రయోగం అది. పదహారేళ్ల తర్వాత 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వారందరినీ విడిచిపెట్టింది. హత్యలు జరిగిన సంగతిని ఎవరూ కాదనలేదు. చంపింది ఎవరో మాత్రం న్యాయవ్యవస్థ నిర్ధారించలేకపోయింది.

న్యాయం అందకపోతే ప్రజాస్వామ్యం మీద నమ్మకానికి ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఇతరులు చెప్పనక్కరలేదు. 1967 అక్టోబరు 31న, మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి వద్ద భూస్వాముల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ కేసులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటిదాకా కూలి రేట్ల కోసం, పోయిన భూముల కోసం సంఘం పెట్టుకుని చట్టబద్ధంగా అడుగుతున్న జాతాపు, సవర రైతులు ఆయుధం వైపు మళ్లడానికి ఇదొక్కటే కారణం కాదు గాని, శ్రీకాకుళ సాయుధ పోరాటం గురించి మాట్లాడిన వారెవరూ ఆ తీర్పును దాటి వెళ్లలేదు. భూమి ప్రశ్న మీద అసలైన చట్టం, అంటే షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించే 1970 నాటి 1వ రెగ్యులేషన్, ఎందరో చనిపోయాక గాని రాలేదు. అటు కొండ దిగువన మైదానంలో దళితుల భూమికి అంత గట్టి రక్షణ ఏనాడూ రాలేదు.

ఈ భూమి విషయంలోనే న్యాయస్థానాల ఆలోచన సరళిలో ఒక చిక్కు ఉంది. 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య జరిగిన దూషణ బహిరంగ అవమానం కాదనీ, ఆస్తి తగాదాలో ఒక పక్షం ఎస్సీ అయినంత మాత్రాన ఈ చట్టం వర్తించదనీ చెప్పింది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పటాన్ జమాల్ వలీ కేసులో, అంధురాలైన దళిత యువతిపై జరిగిన లైంగిక అత్యాచారానికి యావజ్జీవ శిక్షను నిలబెట్టిన అదే న్యాయస్థానం, కులం కారణంగానే నేరం జరిగిందన్న రుజువు లేదని అత్యాచారాల నిరోధక చట్టం కింది శిక్షను కొట్టివేసింది. కులం, లింగం, వైకల్యం ఒకే దేహం మీద ఎలా కలిసి పనిచేస్తాయో ఆ తీర్పు చక్కగా వివరించింది. కాని పాత చట్టంలోని పదాలు న్యాయమూర్తుల చేతులు కట్టేశాయి. 2015 సవరణ ఆ పదాలను మార్చింది. బాధితుల కులం నిందితుడికి తెలిసి ఉంటే చాలన్నది ఇప్పటి నిబంధన. పాత మనస్తత్వం మాత్రం కింది స్థాయిలో కొనసాగుతోంది. ఉత్తరాంధ్ర పల్లెలో కులం భూమి ద్వారా కాక మరో విధంగా మాట్లాడడం అరుదు. మాలవాడు గట్టు మీద నిలబడి ‘ఈ చెక్క నాది’ అనడమే పెద్దరికానికి అవమానంగా తోచే చోట, ‘ఇది కేవలం సివిల్ తగాదా’ అని కేసును పక్కన పెట్టడమంటే నేరానికి మూలమైన కారణాన్నే నిందితుడికి రక్షణగా అందించడం. భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగు హక్కులకు అడ్డుపడడం, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం కూడా ఈ చట్టం కింద విడివిడి నేరాలేనన్న సంగతిని స్టేషన్‌లో గుర్తుచేసేవారు కావాలి. పనికి పిలవకపోవడం, కిరాణా దుకాణంలో సరుకు ఇవ్వకపోవడం వంటివాటికి సాక్ష్యం చెప్పాల్సింది కూడా మళ్లీ ఆ ఊరి వారే.

దళితుల లోపలి అంతరాల సంగతీ ఇక్కడ చెప్పాలి. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణకు అనుమతించాక ఆంధ్రప్రదేశ్ 2025లో ఎస్సీ రిజర్వేషన్‌ను మూడు భాగాలు చేసి, రెల్లి తదితర కులాలకు 1 శాతం, మాదిగ తదితర కులాలకు 6.5 శాతం, మాల తదితర కులాలకు 7.5 శాతం కేటాయించింది. రెల్లి కులస్తులు ప్రధానంగా ఉత్తరాంధ్రవారే. తరాలుగా పారిశుధ్యం పనిలోనే మగ్గిన ఆ కులానికి ఉద్యోగాల్లో విడి వాటా దొరకడం న్యాయం. అయితే జనాభాలో దాదాపు పదో వంతు మాత్రమే ఉన్న సమూహం వర్గాల మధ్య కోపతాపాలతో మరింత చీలితే సాక్షుల బల్ల మీద ఒంటరితనం పెరుగుతుంది. వాటా విడిపోయినా కేసు వచ్చినప్పుడు కలిసి నిలబడాలన్నది రెండు వైపుల నాయకులూ పట్టించుకోవలసిన విషయం.

న్యాయపీఠం మీద ఎవరున్నారన్నదీ ప్రశ్నే. 2018 తర్వాత హైకోర్టులకు నియమితులైన న్యాయమూర్తుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా జనరల్ వర్గం వారేనని కేంద్ర న్యాయశాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలు తెలిపాయి. కులం చూసి తీర్పులిస్తారన్నది ఇక్కడి ఆరోపణ కాదు. పేట జీవితం తెలియని చెవికి ‘ఆలస్యంగా ఫిర్యాదు చేశారు’ అన్న మాట అనుమానంగా వినబడుతుంది; ఆ జీవితం తెలిసిన చెవికి అది భయంగా వినబడుతుంది. శ్రీకాకుళం ప్రాంతం నుంచి 1950లలో శాసనసభకు ఎన్నికై, తర్వాత హైకోర్టు న్యాయమూర్తి అయిన దళితుడు జస్టిస్ కె. పున్నయ్య. అంటరానితనం, అత్యాచారాల మీద రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఏకసభ్య కమిషన్‌గా ఆయన జిల్లాలు తిరిగి, రెండు గ్లాసుల పద్ధతి మొదలు గుడి ప్రవేశ నిరాకరణ వరకు నమోదు చేశారు. రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్ చట్టం 2003లో రావడానికి ఆ కృషి తోడ్పడింది. నెలాఖరున అధికారులు పల్లెకు వెళ్లి జరిపే పౌరహక్కుల దినం ఇప్పటికీ ఉంది. అది సంతకాల పుస్తకంతో ముగిసే సభగా మారిన చోట, పున్నయ్య చూసింది అధికారులు చూడడం లేదనే అర్థం.

ఇప్పటికే ఉన్న నిబంధనల్లో సాక్షిని నిలబెట్టగలిగేవి కొన్ని ఉన్నాయి, వాటిని అడిగి అమలు చేయించుకునేవారు తక్కువ. అత్యాచారాల నిరోధక చట్టం కింద చేసిన 1995 నాటి నియమాల్లో 11వ నియమం ప్రకారం బాధితుడికీ సాక్షికీ ప్రయాణ ఖర్చులతో పాటు కనీస వేతనానికి తగ్గని రోజు భత్యం ఇవ్వాలి. వలస సాక్షికి ఇది దానం కాదు, హక్కు. 4వ నియమం కింద, అవసరమైతే లేదా బాధితులు కోరితే పేరున్న న్యాయవాదిని నియమించే అధికారం కలెక్టర్‌కు ఉంది. అదే చట్టంలోని 15ఏ సెక్షన్ ప్రకారం బెయిల్ విచారణ మొదలు ప్రతి దశలో బాధితుడికి నోటీసు ఇవ్వాలి, అతని మాట వినాలి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాన్ని దృశ్య, శ్రవణ సాధనాల ద్వారా నమోదు చేయడానికి వీలు కల్పించింది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న సాక్షి, తన ఊరి బస్సు దిగకుండా, నిందితుడి బంధువుల ఎదురుగా కోర్టు వరండాలో కూర్చోకుండా మాట్లాడే అవకాశం దీనితో వచ్చింది. కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశంలో ఎన్ని లక్షల పరిహారం ఇచ్చారన్న లెక్కతో పాటు, ఎందరు సాక్షులకు భత్యం అందింది, ఎందరు ఎదురుతిరిగారు, ఎందుకు తిరిగారు అన్న లెక్క కూడా అడగాలి.

భూమి లెక్క దీనికి ముందే తేలాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమి పరాధీనం కాకుండా 1977 నాటి 9వ చట్టం కాపాడేది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అసలు పట్టాదారులకు అమ్ముకునే హక్కును 2023 సవరణ ఇచ్చింది. హక్కుగా అది గౌరవమే. అప్పుల్లో ఉన్న దళిత కుటుంబం చేతిలో ఆ హక్కు భూమిని నిలుపుతుందో, ఊరి పెద్దల చేతికి చేర్చే దారి అవుతుందో మండలాల వారీగా పరిశీలించకుండా ముందుకు వెళ్లకూడదు. జలాశయాల కింద, గెడ్డల పక్కన, సేకరణలో మిగిలిపోయిన ప్రభుత్వ భూముల్లో సాగు చేసుకుంటున్న పేరు ఎవరిదో రెవెన్యూ రికార్డులో ఎక్కించడం మరీ అవసరం. లక్ష్మీపేటలో ఆ మిగులు భూమి సాగుదారుడి పేరును ప్రభుత్వం ముందే తేల్చి పట్టా రాసి ఉంటే, తగాదా తహసీల్దారు కార్యాలయంలో తెమిలేది.